తాత ఏ మలుపులో ఉన్నాడో

పోయిన వారం బస్టాండు నుంచి షేర్ ఆటోలో ఇంటికి వస్తుంటే నా పక్కన ఒక తల్లీ కూతురూ ఎక్కారు. తిరుమల కొండ దిగి వచ్చినవాళ్ళు. పాపకు ఆరేళ్ళుంటాయేమో. గుండు కొట్టించి గంధం పూశారు, ఆ గంధం ఎండి సన్నగా బీటలు వారింది. ఆటో రెండు వీధులు తిరిగేసరికి పాప నిద్రలోకి జారి తల తెచ్చి నా భుజం మీద పెట్టింది. వాళ్ళమ్మ "అయ్యో, మీ బట్టలకు అంటుతుందే" అని లాగబోతే, వద్దని చేత్తో సైగ చేశాను. నాకు కొత్తవాళ్ళ ముందు మాట తొందరగా రాదు. కానీ ఆ రోజు మాట రాకపోవడానికి కారణం అది కాదు. ఎండిన గంధం కింద అప్పుడే గీసిన తల వాసన ఒకటి ఉంటుంది. కొంచెం ఉప్పగా, కొంచెం పాల వాసనలా. అది తగిలేసరికి నేను దిగాల్సిన చోటు ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు.

ఇంటికొచ్చి డైరీలో "ఆటోలో గుండు పాప" అని రాసి ఆగిపోయాను. రోజుకు ఒక పేజీ మించి రాయకూడదని నాకు నేనే పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఇది ఒక పేజీలో ఇమిడేది కాదు. అందుకే వేరే కాగితాలు తీసుకున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తిరుపతిలో అవ్వ తాతల దగ్గర ఉండి చదువుకున్నాను. నాయనకు చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఇద్దరివీ షిఫ్టులే కాబట్టి, తిరుపతిలో సిస్టర్ల బడి ఉందని నన్ను అక్కడ వదిలారు. మేము కతోలికులం. ఆ వీధి మొత్తానికి చర్చికి పోయే ఇల్లు మాదొక్కటే. మిగతా ఇళ్ళలో సగం మంది కొండ మీద కొలువు చేసేవాళ్ళు, లేదా చేసి మానుకున్నవాళ్ళు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట నాలుగంతస్తుల లాడ్జి కట్టారు, దాని ముందు ఇంకొకటి లేచింది. అప్పట్లో మాది ఒంటి మిద్దె. బయటి నుంచి ఇటుక మెట్లు ఉండేవి, వాటికి పిట్టగోడ ఉండేది కాదు. మిద్దె ఎక్కితే ఉత్తరం దిక్కంతా కొండే. పొద్దున ఊదారంగు, మధ్యాహ్నం ఇటుక రంగు, వాన పడితే నల్లగా తడిసిన ఏనుగు వీపు. నేను హోమ్‌వర్కు ఆ కొండకు ఎదురుగా కూర్చుని చేసేదాన్ని.

తాత టైలరు. చర్చి స్వాములకు తెల్ల అంగీలు, సిస్టర్లకు ముసుగులు, ఎదురింటి అయ్యంగారు తాతకు చేతుల బనియన్లు, అన్నీ ఒకే మిషను మీద కుట్టేవాడు. "దేవుడి మనుషులందరి కొలతలూ నా కాడుండాయి. ఏ దేవుడి కాడ పన్జేసినా పెరిగేది నడుమే" అనేవాడు. ఆయన దగ్గరికి పోతే మిషను నూనె, కొత్త బట్ట గంజి, చాక్‌పీసు వాసన కలిసి వచ్చేవి. అవ్వ దగ్గర సంగటి ఆవిరి, ఊరిబిండి పచ్చడికి నూరిన వేయించిన చెనిక్కాయల వాసన. తాతకు చక్కెర జబ్బు. ఇంట్లో బెల్లం డబ్బా కూడా అవ్వ తన పెట్టెలో, జపమాల పక్కన పెట్టి తాళం వేసేది.

ఎదురింట్లో అయ్యంగారు మామి ఉండేది. ఆమె మొగుడు కొండ మీద లడ్డూలు చేసే వంటశాలలో, దాన్ని పోటు అంటారు, ముప్పై ఏళ్ళు పనిచేసి దిగినాయన. వాళ్ళింటికి లడ్డూలు వస్తూనే ఉండేవి. మామి నన్ను చూస్తే "రా కన్నా" అని ఒకటి చేతిలో పెట్టేది. అవ్వ ఏమీ అనేది కాదు. "ప్రేమతో పెట్టింది తిను. తినేముందు సిలువ గుర్తు వేసుకో, సరిపోతాది" అనేది. అది చర్చి మాటో అవ్వ సొంత మాటో నాకు తెలీదు.

ఒక శనివారం సాయంత్రం మామి ఇచ్చిన లడ్డును తినకుండా తాత మిషను సొరుగులో, బాబిన్ల మధ్య కాగితంలో చుట్టి దాచుకున్నాను. పొద్దునే లేచి ఒక్కదాన్నే తినాలని. ఆదివారం నేను లేచేసరికి తాత సొరుగు ముందు కూర్చుని ఉన్నాడు.

"అమ్మీ, నా బాబిన్లకు చీమలు పట్టినాయే. దారం తీపెక్కిందా ఏం?"

నేను నేల చూశాను.

"సగం నాకు పెడితే ఈ చీమల సంగతి ఎవురికీ చెప్పను."

సగం తుంచి ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని తిన్నాడు. నములుతూ ఉండగానే చెయ్యి చాపాడు. మిగతా సగం కూడా ఇచ్చేశాను. జీడిపప్పు ఒకటి మాత్రం నాకు మిగిల్చాడు. "మీ అవ్వకు చెప్పొద్దు" అని వేళ్ళు నాక్కుంటుంటే అవ్వ లోపల్నుంచి, గంట కొట్టేస్తారు, లేవండని కేకేసింది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చర్చిలో పూజకు ముందు ఏమీ తినకూడదు. ఇప్పుడు ఒక గంట ఆగితే చాలంటారు గానీ మా ఇంట్లో పాత పద్ధతే. ముందు రాత్రి నుంచి నీళ్ళు తప్ప ఏదీ ముట్టరు. పూజలో స్వామి నాలుక మీద పెట్టే అప్పాన్ని సత్ప్రసాదం అంటారు. నాకింకా మొదటి సత్ప్రసాదం కాలేదు కాబట్టి ఆ లెక్క నాకు లేదు. తాతకుంది. అయినా ఆ రోజు ఆయన వరుసలో నిలబడి నాలుక చాపి సత్ప్రసాదం పుచ్చుకున్నాడు. తిరిగొచ్చి అవ్వ పక్కన మోకరించాడు. ఆయన శ్వాసలో పచ్చకర్పూరం వాసన నా బెంచీ దాకా వచ్చింది. ప్రసాదం తిన్న నోటితో సత్ప్రసాదం. 

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఒక ఆట నడిచింది. అవ్వ నాతో, "మీ తాతకు చెప్పు, సంగటి ఆరిపోతాండాదని" అనేది. తాత అక్కడే ఉండి, "మీ అవ్వకు చెప్పు, నా చెవులు బాగానే ఉండాయని" అనేవాడు. నేను ఇద్దరి మధ్యా ఫోను తీగలా అటూ ఇటూ తిరిగాను. నాకు భలే సరదాగా ఉండింది.

బేస్తవారం బడి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. తాత మిషను మీద వాలిపోయి ఉంటే చూసి, దించి, చాప మీద పడుకోబెట్టారట. స్వామి, పోయే ముందు పూసే నూనె సీసా తీసుకుని సైకిల్ మోటారు మీద వచ్చాడు గానీ అప్పటికే అయిపోయింది. మిషను సూది కింద ఒక తెల్ల అంగీ చెయ్యి ఉండిపోయింది. కుట్టు సగంలో ఆగింది. దాన్ని తర్వాత ఎవరు పూర్తి చేశారో నాకు తెలీదు.

శనివారాలు చర్చి వరండాలో మాకు మొదటి సత్ప్రసాదం పాఠాలు జరిగేవి. ఆరుగురు పిల్లలం. చెప్పేది ఉపదేశి తాత. ముందు పళ్ళు రెండు లేవు, ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండేది. మా తాత పోయిన రెండో వారం ఆయన ఆ పాఠం చెప్పాడు.

"పరలోకం ఉండాది. నరకం ఉండాది. మరి మంచోళ్ళే గానీ, చిన్న చిన్న మరకలు అంటినోళ్ళు యాడికి పోతారు?"

"ధర్మాసుపత్రికి" అన్నాడు వెనక బెంచీ పిల్లోడు. అందరూ నవ్వారు. ఉపదేశి తాత కూడా నవ్వాడు.

"నువ్వు చెప్పింది తప్పు కాదురా అబ్బా. ఉత్తరించు స్థలానికి పోతారు. ఆడ శుద్ధి అవుతారు. కష్టం ఉంటాది. అయినా ఆడున్నోళ్ళంత సంతోషం ఈడ మనకు కూడా లేదు. ఎందుకంటే ఆ దోవలో అడుగు పెట్టినోడు ఇంక తప్పిపోడు. ముందో వెనకో దేవుడి కాడికే చేరతాడు. వాళ్ళు వాళ్ళ కోసం ఏమీ చేసుకోలేరు. మనం ఈడ్నించి జపం చేస్తే వాళ్ళకు ఆడ నడక తేలికవుతాది."

ఆయన ఇంకా ఏదో చెప్పాడు. నేను వినలేదు. ఉత్తరించు స్థలం. ఉత్తరం అంటే నాకు రెండే తెలుసు. అమ్మ నెలకొకటి రాసేది ఒకటి, పటంలో బాణం గుర్తు చూపించేది ఇంకొకటి. జాబులు ఉండే చోటికి మనుషులు పోరు కదా. కాబట్టి దిక్కే. మాకు ఉత్తరాన ఏముందో తిరుపతిలో చంటిపిల్లనడిగినా చెబుతుంది.

ఆ సాయంత్రం మిద్దె ఎక్కాను. కొండ అప్పుడే నల్లబడుతోంది. మెట్ల దారి వెంట దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. కింద అలిపిరి నుంచి పైన గాలిగోపురం దాకా, వంకరగా, ఎవరో వేలితో గీసినట్టు. అంతకుముందు వంద సార్లు చూసినదే. ఆ రోజు మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ నేను ఎదురుగా కూర్చుని ఎక్కాలు రాసుకున్నది దేని ముందో నాకు అర్థమైంది. ఆ దీపాల కింద మనుషులు ఎక్కుతూ ఉన్నారు. ఎవరూ తప్పిపోరు. అందులో మా తాత ఉన్నాడు.

రుజువులు కూడా నాకు వెంటనే దొరికాయి. కొండకు పోయినవాళ్ళు ఎలా తిరిగొస్తారు? జుట్టంతా తీసేసి, తలస్నానం చేసి, చెప్పుల్లేకుండా, గంధం పూసుకుని. ముఖాలు కడిగిన పళ్ళేల్లా ఉంటాయి. శుద్ధి అంటే అది కాక మరేముంది? ఆ పైన తాత తిన్నది కొండ ప్రసాదం. చర్చికి పోవాల్సిన నోటితో తిన్నాడు కాబట్టి ఆ కొండే ఎక్కాల్సి వచ్చింది. ఇందులో నాకు ఒక్క పొల్లు కూడా తేడా కనిపించలేదు. ఒక్కటే బాధ. లడ్డు దాచింది నేను. తాత మీద మరకుంటే అది నా చేతిది. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఆయన ఎక్కుతూనే ఉన్నాడు.

అప్పటి నుంచి వీధిలో గుండు మనుషులు కనిపిస్తే ముఖాలు వెతికేదాన్ని. తాతకు గుండు చేస్తే ఎలా ఉంటాడో గుర్తుపట్టాలి కదా. గోడ మీద ఫోటోలో ఆయన జుట్టు మీద వేలు అడ్డం పెట్టి చూసుకునేదాన్ని. చెవులు పెద్దవి. అదొక్కటే ఆనవాలు.

నేను తిండి తగ్గించానని అవ్వకు అనుమానం వచ్చింది. అడిగితే చెప్పలేదు.  అవ్వ ఆ రోజుల్లో నాది కాక ఇంకో రెండు పళ్ళేల్లో సంగటి ముద్ద పెట్టి, ఒకటి తీసి మళ్ళీ గిన్నెలో వేసేది.

ఏడాదికొకసారి వీధి మొదట్లో కళాయి సాయిబు వచ్చి గుంత తవ్వి తిత్తి పెట్టేవాడు. ఆ ఏడు అవ్వ పెద్ద ఇత్తడి బోసి ఒకటి నా నెత్తిన పెట్టి తీసుకుపోయింది. సాయిబు దాన్ని బొగ్గుల మీద తిప్పాడు. నల్లగా పొగ వచ్చింది. నవాసాగరం చల్లితే తెల్ల పొగ లేచి ముక్కు మండింది. తగరం ముక్క తాకించి దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పాడు. నల్లటి బోసి కడుపులో చందమామ పుట్టినట్టు తెలుపు పాకింది.

అవ్వ నా తల మీద చెయ్యి వేసి, "ఉత్తరించు స్థలం గురించి మీ ఉపదేశి ఏం చెప్పినాడో గానీ, నాకు తెలిసింది ఇదే. సూడు. ఆయనకు బోసి మీద కోపమా? మళ్ళా దాంట్లో వండుకోవాలనే కదా నిప్పుల మీద పెట్టినాడు" అంది.

"బోసికి నొప్పి పుట్టదా?" అన్నాను.

జవాబు సాయిబు చెప్పాడు. "పుడతాది పాపా. ఊరికే మెరువు అంటే ఏదన్నా మెరుస్తాదా?"

 బోసి వేడిగా ఉందని అవ్వ ఇంటిదాకా కొంగులో పట్టుకుని తనే మోసింది.

ఇంకోరోజు మామి పూలు కడుతుంటే పక్కన కూర్చుని, వాళ్ళలో చనిపోయినవాళ్ళు ఎక్కడికి పోతారని అడిగాను.

"వైకుంఠానికి కన్నా. దానికి ముందు విరజ అని ఒక నది. అందులో మునిగితే ఇక్కడ అంటిన దుమ్మంతా పోతుంది. అప్పుడు లోపలికి."

"ఈత రానోళ్ళు?"

మామి ముక్కుపుడక ఊగేంతగా నవ్వింది. "ఈతెందుకే. అక్కడ మునగడమే దాటడం."

మునగడమే దాటడం. ఆ మాట నాకు అర్థం కాలేదు గానీ దుమ్ము పోయాకే లోపలికి అన్నది అర్థమైంది. మామికి కూడా ఈ సంగతి తెలుసన్నమాట. ఊరంతటికీ తెలుసు. పెద్దవాళ్ళు ఒకరికొకరు వేరే పేర్లతో చెప్పుకుంటున్నారు, అంతే అనుకున్నాను.

చేసిన పాపాలు స్వామికి చెప్పుకునే మొదటి పాపసంకీర్తనం రోజు వచ్చింది. పాపాలన్నీ వరుసగా మనసులో పెట్టుకున్నాను. అబద్ధాలు, చాక్‌పీసు దొంగతనం, ప్రార్థనలో నిద్ర, ఆఖరిది లడ్డు. చెక్క జాలీ అవతల స్వామి చెవి ఒకటే కనిపిస్తోంది. మూడు చెప్పాను. నాలుగోది దగ్గర ఆగాను.

"ఇంకేమైనా ఉందామ్మా?"

"లేదు స్వామీ."

కడుక్కోవడానికి పోయి, ఇంకో అబద్ధం అంటించుకుని బయటికొచ్చాను. వచ్చే నెల మొదట్లోనే సమాధుల పండుగ. ఆ పండుగకు ఎన్నో ఆత్మలు విడుదలవుతాయని ఉపదేశి తాత చెప్పాడు. మా తాత వాటిలో లేకపోతే ఇంకో ఏడాది ఎక్కాలి. చక్కెర జబ్బు మనిషి, అరికాళ్ళు ఎప్పుడూ మంటలు.

అందుకే మామి మెట్ల పూజకు అలిపిరి పోతుంటే నేనూ వస్తానన్నాను. అవ్వ, "పో, ఎక్కి ఆయాసం తెచ్చుకోవాకు" అంది. అలిపిరిలో కర్పూరం, కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు, చెమట, తడి రాయి వాసన. మామి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒక్కో మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతూ పోయింది. నేను వెనకే. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. కొందరు దిగుతున్నారు. నేను దిగేవాళ్ళను మాత్రమే చూశాను. ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ప్రతి గుండూ గంధంతో పచ్చగా, అందరి కళ్ళూ ఎక్కడో చూసొచ్చినట్టు. 

అప్పుడు పెద్ద చెవుల ముసలాయన ఒకడు, కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగుతూ వచ్చాడు. నేను ఎవరితోనూ నోరు విప్పని దాన్ని. ఎలా చేశానో తెలీదు, పోయి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన ఆగి కిందికి చూశాడు. మా తాత కాదు.

"ఎవురమ్మా నువ్వు?" అన్నాడు. అరవం కలిసిన తెలుగు.

"మా తాత ఇంకా రాలేదు" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి మెట్ల పైకి ఒకసారి చూశాడు. నా కళ్ళల్లో నీళ్ళు చూసినట్టున్నాడు. "తాతావా? చూస్తిని అమ్మా, చూస్తిని. మోకాళ్ళ పర్వతం కాడ కూర్చోని ఉండారు. మెల్లగా వస్తారు."

మోకాళ్ళ పర్వతం పైన చివర్లో ఉంటుంది. అక్కడి మెట్లు నిట్టనిలువు, మోకాళ్ళ మీద ఎక్కుతారని మామి చెప్పింది.

"కష్టపడతాండాడా?"

"కష్టం దా. ఆనా ముగం నల్లా ఉంది."

చొక్కా వదిలేశాను. ఆయన నా చెంప తట్టి దిగిపోయాడు. ముఖం నల్లగా ఉందట. కళాయి పెట్టకముందు బోసి ఎంత నల్లగా ఉందో నేను చూశాను. ఏడుస్తూ మామి దగ్గరికి పోయి ఆయనన్నది చెప్పాను. పసుపు చేతులతోనే ఆమె నన్ను పట్టుకుంది.

"అసడే, పిచ్చిపిల్లా, నల్లా అంటే అరవంలో బాగా అని. కష్టమే గానీ ముఖం బాగుంది అన్నాడమ్మా ఆయన."

చిత్తూరు జిల్లాలో పుట్టి ఆ మాట తెలియకపోవడమేమిటి. తెలుసు. ఆ క్షణంలో తెలీలేదు.

మామి తిరిగొచ్చాక మా గడప దగ్గర అవ్వతో రెండు మాటలు గుసగుసగా చెప్పి పోయింది. అవ్వ పొయ్యి మీద ఉన్నది దించేసి, "రామ్మీ మిద్దె మీదికి" అంది. తాత పోయాక అవ్వ ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. గోడ పట్టుకుని ఎక్కింది. దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

"ఏందిమే ఇది. మీ తాతను అలిపిరిలో వెతికినావంటనే?"

అప్పుడు మొత్తం చెప్పాను. సొరుగు, చీమలు, లడ్డు, సత్ప్రసాదం, ఉత్తరం దిక్కు, స్వామితో ఆడిన అబద్ధం. అవ్వ నవ్వుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లడ్డు సంగతి నాకు ఆ పొద్దే తెలుసు. పచ్చకర్పూరం దాగుతాదా? నా పక్కన్నే కదా మోకరించినాడు. సక్కెర ఆరువందలుండే మనిషి, అబద్ధం నోట్లో పెట్టుకోని దేవుణ్ణి పుచ్చుకున్నాడే అని నాకు మండిపోయింది. ఆదివారం నుంచి బేస్తవారం దాకా ఆయనతో మాట్లాడలే."

నాకు ఆట గుర్తొచ్చింది. మీ తాతకు చెప్పు, మీ అవ్వకు చెప్పు.

"బేస్తవారం పొద్దున 'ఏమే, దారం యాడ పెట్టినావు' అని నన్నే అడిగినాడు. నేరుగా నన్నే. చేత్తో చూపించినా గానీ నోరు విప్పలే. సాయంత్రం మాట్లాడదాంలే అనుకున్నా." ఊపిరి పీల్చుకుంది. "సామి కాడ చెప్పుకున్నా. సామి క్షమించినాడు. మీ తాత కూడా క్షమించినానని చెప్పల్ల కదా."

మా అవ్వ నా ముందు అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆమె తన వయసు వదిలేసి నా ఎత్తుకు దిగి వచ్చినట్టనిపించింది. నా దగ్గర ఇవ్వడానికి ఒక్కటే ఉంది. అది ఇచ్చాను.

"మోకాళ్ళ పర్వతం కాడుండాడంట అవ్వా. మెల్లగా వస్తాడంట. ముఖం బాగుందంట."

అవ్వ నన్ను చూసింది. తర్వాత కొండను చూసింది. అది పక్కవాళ్ళ దేవుడి కొండ అనీ, ఎక్కేది బతికున్న యాత్రికులనీ, నేను మాట ఒకటి తప్పుగా విన్నాననీ ఆమెకు తెలుసు. ఒక్క మాటతో దిద్దేయగలదు. దిద్దలేదు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, దీపాల వరుసను కింది నుంచి పైదాకా మెల్లగా చూసుకుంటూ పోయింది.

"ఏ మలుపులో ఉండాడంటావు?"

గాలిగోపురానికి పైన, దీపాలు కొండ మడతలోకి పోయి కనిపించకుండా అయ్యే చోటు చూపించాను. "ఆడ్నించి అవతలికి."

"ఆడ్నించి అవతలికి" అంది అవ్వ. నడుం నుంచి జపమాల తీసి, ఎండకు ఇంకా వెచ్చగా ఉన్న గచ్చు మీద ఉత్తరం వైపు తిరిగి మోకరించింది. నేను పక్కన మోకరించాను. ఎదురింట్లో మామి దీపం పెట్టి గంట కొట్టింది. కొండ మీద ఆ దీపాలన్నీ ఒక్కసారి మా వైపు తిరిగినట్టు నాకనిపించింది. ఇప్పటికీ నేను ఏ గుడిలో, ఏ చర్చిలో ఉన్నా, దేవుడున్నాడన్న భయం, ఆ భయంలోనే ఉండే ధైర్యం, ఆ గచ్చు వేడిలోనే కొలుచుకుంటాను.

సమాధుల పండుగకు తాత సమాధికి సున్నం కొట్టాం. బంతిపూలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి. పక్క సమాధుల వాళ్ళు బొరుగులు, అరటిపళ్ళు పంచుతున్నారు. స్వామి ఒక్కో సమాధి మీదా తీర్థం చల్లుకుంటూ వస్తుంటే నేను ఆయన వెనకే పోయి, మనుషుల మధ్యే, చెప్పాల్సిన నాలుగోది చెప్పేశాను. ఆయన తీర్థం చెంబు పట్టుకునే విని, "ఇకమీదట లడ్డు దాచితే నాక్కూడా చెప్పు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం అవ్వ మిద్దె ఎక్కేది. నేను చిత్తూరుకు వచ్చేశాక కూడా ఎక్కేదట. నేను కాలేజీలో చదువుకునేటప్పుడు లైబ్రరీలో నిఘంటువు తిరగేస్తూ ఆ మాట చూశాను. ఉత్తరించడమంటే దాటడం, గట్టెక్కడం. దిక్కుతో పనేమీ లేదు. మామి చెప్పిన నది గుర్తొచ్చింది. సెలవులకు పోయినప్పుడు కొంచెం గొప్పగానే అవ్వకు చెప్పాను.

"నాకు తెలీదా అమ్మీ" అంది అవ్వ. "అడిగేటప్పుడు ఏదో ఒక దిక్కు చూడల్ల కదా. నువ్వు చూపించినాక నాకు ఆ దిక్కు బాగుండింది."

ఇల్లు అమ్మేశాక అవ్వ మా దగ్గరే ఉండింది. పోయిన వానాకాలంలో మంచం పట్టింది. చిత్తూరులో మా కిటికీ నుంచి కనిపించేది పక్కింటి నీళ్ళ ట్యాంకే. స్వామి వచ్చి నూనె పూసి, సత్ప్రసాదం ఇచ్చి పోయాడు. అన్నీ సక్రమంగా, వేళకు జరిగాయి. అమ్మ ఆయన్ను సాగనంపడానికి గేటు దాకా పోయింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

అవ్వ కళ్ళు తెరిచింది. నిప్పుల గురించి గానీ, ఎక్కడం గురించి గానీ ఆమె ముఖంలో భయమేమీ లేదు. పెళ్ళికి ముందు ఆడపిల్ల ముఖంలో ఉండేలాంటిది ఏదో ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"నాతో మాట్లాడతాడంటావా?"

పదిహేడేళ్ళుగా, మిద్దె మీదా ఆ తర్వాత ఇక్కడా, ఆమె అడుగుతూ ఉన్నది అదేనని అప్పుడు తెలిసింది. నేను చదివిన పుస్తకాల్లో దానికి జవాబు లేదు. నాకు మాట రాదని ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు వచ్చింది.

"నువ్వు ముందు మాట్లాడు అవ్వా" అన్నాను.